నూటికి తొంభై ఎనిమిది మార్కులూ, అమలాపురమూ

ధవళేశ్వరం దగ్గర గోదావరి 10 లక్షల క్యూసెక్కులు దాటితే మొదటి హెచ్చరిక, 13 లక్షలు దాటితే రెండవది, 17 లక్షలు దాటితే మూడవది. కోనసీమలో పుట్టినవాడికి ఈ అంకెలు ఎక్కాలతోపాటే వస్తాయి. అయితే ఏటిగట్టు భద్రంగా వుందా అని అడగవలసి వచ్చినప్పుడు, గట్టు సగటు ఎత్తు ఎంత అని ఇక్కడ ఎవడూ లెక్కకట్టడు. ఏ వూరి దగ్గర గట్టు జారివుంది, అక్కడికి ఇసుక బస్తాలు చేరాయా లేదా అని అడుగుతాడు. 1986 ఆగస్టులో నీళ్ళు వూళ్ళమీద పడింది గండ్లలోనుంచే గదా!

దేశ సమాచార భద్రతను అంచనాకట్టే పెద్దలకు ఈ లంకరైతు తెలివి పట్టుబడినట్టు లేదు. ఐక్యరాజ్యసమితికి చెందిన అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ల సంఘం ప్రపంచ దేశాల సైబర్ భద్రతకు ఒక సూచీ తయారుచేస్తుంది. 2018 సూచీలో భారతదేశానిది 47వ స్థానం. 2020 సూచీలో 10వ స్థానం. 2024లో 100కి 98.49 మార్కులతో మొదటి శ్రేణి. చట్టాలు, సాంకేతిక ఏర్పాట్లు, యంత్రాంగం, శిక్షణ, పరస్పర సహకారం అని ఐదు పద్దులు. ప్రశ్నావళికి జవాబులు రాసేది ఆయా ప్రభుత్వాలే. ఆ సంఘంవారు కాగితాలు సరిచూసి మార్కులు వేస్తారు. వారిని తప్పుపట్టనక్కరలేదు. తాము కొలిచేది దేశాల సంకల్పాన్ని అని వారే చెప్పుకున్నారు. కాని ఆ మార్కులు మన పత్రికలకెక్కేసరికి సంకల్పం కాస్తా భద్రత అయి కూర్చుంది. ఈ రెండు సూచీల మధ్యనే, 2022 నవంబరులో, ఢిల్లీ ఎయిమ్స్ ఆసుపత్రి కంప్యూటర్లు దుండగుల పాలై, రోగుల పేర్లు రోజుల తరబడి కలంతో కాగితంమీద రాసుకోవలసి వచ్చింది. సరే, అది ఢిల్లీ సంగతి. మన గండి సంగతి చూద్దాం.

2018 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ గృహనిర్మాణ సంస్థ వెబ్‌సైటులో 1.34 లక్షలమంది లబ్ధిదారుల ఆధార్ నంబర్లు, బ్యాంకు ఖాతాలు, చిరునామాలు, కులం, మతం—అన్నీ తలుపులు బార్లా తెరిచిపెట్టి వుండడం హైదరాబాదు పరిశోధకుడు శ్రీనివాస్ కొడాలి బయటపెట్టాడు. అంతటితో పోలేదు. ఫలానా కులంవారి ఇళ్ళు, ఫలానా మతంవారి ఇళ్ళు ఎక్కడున్నాయో పటంమీద వెతికి చూసుకునే వీలు కూడా ప్రభుత్వపు సైటే కల్పించిందని అదే నెల పత్రికలు రాశాయి. గోల పుట్టాక మూసివేశారు. ఈలోగా ఎవరు చూశారు, ఎవరు దించుకున్నారు? ఇల్లు ఇప్పిస్తామంటే తన కులం రాసిచ్చిన కూలీమనిషికి ఆ సంగతి చెప్పవలసినవాడు ఎవడు?

నాలుగేళ్ళు గడిచాయి. కొత్తగా ఏర్పడిన కోనసీమ జిల్లాకు డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు పెడుతూ 2022 మే 18న ప్రాథమిక ప్రకటన వచ్చింది. 24న అమలాపురంలో వ్యతిరేక ప్రదర్శన బయలుదేరి, దళితుడైన మంత్రి పినిపే విశ్వరూప్ ఇంటినీ, వెనుకబడిన కులానికి చెందిన ముమ్మిడివరం శాసనసభ్యుడు పొన్నాడ సతీష్ ఇంటినీ తగలబెట్టింది. ఆ రోజున నిప్పుపెట్టినవారికి గృహనిర్మాణ సంస్థ జాబితా అక్కరలేదు. మంత్రి ఇల్లు ఎక్కడో అందరికీ తెలుసు. నేను చెప్పేది వేరు. ఒక మనిషి పేరు చూస్తే చాలు పళ్ళు కొరికే పెద్దమనుషులున్న నేలమీద, పేటల్లోని ప్రతి గడప కులాన్నీ పటంతో సహా ప్రదర్శనకు పెట్టిన ప్రభుత్వం ఏ పాటి భద్రతను పాటించినట్టు?

ఇది అతిశయోక్తి అనేవారు ఆమ్‌స్టర్‌డామ్ చరిత్ర చదవాలి. హాలెండులో యుద్ధానికి ముందే జనాభా పట్టీలు ముచ్చటగా, మతంతో సహా రాసిపెట్టుకున్నారు. దురుద్దేశంతో కాదు, పరిపాలనా సౌకర్యానికి. నాజీలు వచ్చి యూదులను ఏరడానికి వాటినే వాడారు. 1943 మార్చి 27 రాత్రి ఆ పట్టీల కార్యాలయాన్ని పేల్చడానికి వెళ్ళినవారిలో చిత్రకారుడూ రచయితా అయిన విల్లెమ్ అరోండియస్ ఒకడు, శిల్పి గెరిట్ వాన్ డెర్ వీన్ మరొకడు. పట్టీలు కొంత భాగమే కాలాయి. అరోండియస్‌ను ఆ జులైలోనే కాల్చిచంపారు.

మళ్ళీ అమలాపురం. ఇళ్ళు కాలిన తరువాత మన ప్రభుత్వం చేసిన మొదటి భద్రతా చర్య జిల్లాకు ఇంటర్నెట్ ఆపడం. 2011 లెక్కల ప్రకారం 17 లక్షల పైచిలుకు జనం వున్న జిల్లా, ఇంచుమించు రెండు వారాలు మూగబోయింది. ఇంటినుంచి పనిచేసే కంపెనీ కుర్రాళ్ళు లాప్‌టాపులు పట్టుకుని ఏటిగట్లెక్కి అవతలి ఒడ్డు సిగ్నల్ వెతుక్కున్నారు. దాన్ని పత్రికలు వేడుకగా రాశాయి. గట్టెక్కడానికి తీరుబాటు లేని కొబ్బరి దింపు కార్మికుడి సంగతి, సెల్‌ఫోనుతో కూరగాయలమ్మే ఆడమనిషి సంగతి రాసినవారు తక్కువ.

వాట్సాప్ గ్రూపుల్లోనే జనాన్ని కూడగట్టారని పోలీసులు అన్నారు గదా, ఆపకపోతే ఇంకెన్ని ఇళ్ళు కాలేవో అని ఒక మిత్రుడు నాతో వాదించాడు. కొట్టిపారేయదగిన వాదన కాదది. ఒకటి రెండు రోజులంటే నేనూ ఒప్పుకునేవాణ్ణి. కాని మూగబోయినది దాడిచేసేవాడు ఒక్కడే కాదు. భయంతో తలుపు వేసుకున్న పేటలో కుర్రాడు తన వీధి ఫొటో బయటికి పంపలేడు. పుకారును కాదని చెప్పే మాట కూడా పుకారుతోపాటే ఆగిపోయింది. ఆపే ఉత్తర్వు ప్రకటించాలనీ, అవసరానికి మించకూడదనీ సుప్రీంకోర్టు 2020 జనవరిలో అనూరాధా భసీన్ కేసులో చెప్పనే చెప్పింది. 2022లో ప్రపంచంలో అందరికంటే ఎక్కువసార్లు, 84 సార్లు, ఇంటర్నెట్ ఆపిన దేశం మనదేనని యాక్సెస్ నౌ సంస్థ లెక్క. ఆ పద్దుకు మార్కులు లేవు!

వేలిముద్రల సంగతీ అంతే. 2018లో పెద్దపల్లి జిల్లాలో ఒక సిమ్‌కార్డుల వ్యాపారి రిజిస్ట్రేషన్ దస్తావేజులమీది వేలిముద్రలను రబ్బరు అచ్చులు పోసి, వాటితో వేలాది సిమ్‌లు చలామణీ చేసి పట్టుబడ్డాడు. తరువాత అదే దారిలో బ్యాంకు ఖాతాలనుంచి డబ్బు లాగిన ముఠాలూ దొరికాయి. తాళంచెవి పోతే తాళం మార్చుకోవచ్చు. సెంటున్నర నేల రిజిస్టరు చేయించుకున్న పాపానికి రైతు వేలు మార్చుకోగలడా? 2023లో వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చింది. ఏ ప్రభుత్వ సంస్థనైనా దాని పరిధినుంచి తప్పించే అధికారం 17వ సెక్షను కేంద్రానికే ఇచ్చింది. పైగా ఈ చట్టం పేరుతోనే సమాచార హక్కు చట్టానికి కత్తెర వేశారు. ప్రజల గుట్టు సర్కారుకు, సర్కారు గుట్టు సర్కారుకే!

ఇక మనవాళ్ళను అడగవలసిన మాట ఒకటుంది. జిల్లా పేరుకోసం మనం సభలు పెట్టాం, తీర్మానాలు చేశాం, సరిగానే చేశాం. జాబితా సంగతి వచ్చేసరికి అది ఇంజనీర్ల వ్యవహారమని తప్పుకున్నాం. కులగణన కావాలని అడిగినవాళ్ళం మనమే. ఎవరికెంత దక్కిందో తెలియడానికి లెక్క కావాలి. ఆ కోరికను నేను వదులుకోను. రాష్ట్రంలో 2024 జనవరిలో ఇంటింటికీ తిరిగి కులం రాసుకున్నారు. 2027 జనగణనలోనూ కులం రాస్తామన్నారు. జనగణనలో ఇచ్చిన జవాబు ఎవరికీ చూపరాదని 1948 జనగణన చట్టం 15వ సెక్షను కట్టుదిట్టం చేసింది. ఇళ్ళ పథకానికీ, బీమాకూ, ఏటేటా జరిగే సర్వేలకూ మన మనుషులు రాసిచ్చే కులానికి అటువంటి తాళం ఏ చట్టంలో వుంది? రాజోలులోనో కొత్తపేటలోనో ఈసారి సర్వే మనిషి గడపలోకి వచ్చినప్పుడు, మన సంఘ సభ్యులు ముందుగా అడగవలసిన ప్రశ్న ఇదే.