వాసన పోయింది కదా అని ఆ నీళ్లు తాగకండి

బోరు నీళ్లు పెట్రోలు వాసన కొడుతున్నాయని బంకు చుట్టుపక్కలవాళ్లు మొత్తుకుంటే ఒక భరోసా ఎదురొస్తుంది: ‘‘మట్టిలో బాక్టీరియా ఉంటుంది, అదే తినేస్తుంది, కొన్నాళ్లు ఆగండి.’’ ఈ మాటలో సగం నిజం. ఆ సగాన్ని నమ్మి ఆగడమే ప్రమాదం.

పెట్రోలు ఇంకిన చోట ఆక్సిజన్ త్వరగా అయిపోతుంది. అయినా బాక్టీరియా పని ఆగదు. థౌయెరా అరోమాటికా నైట్రేటుతో, జియోబాక్టర్ మెటాలిరెడ్యూసెన్స్ మట్టిలోని తుప్పులాంటి ఇనుముతో శ్వాస సాగిస్తాయి. పెట్రోలులో ఉండే టోలుయిన్ అనే రసాయనపు కార్బన్ వలయానికి ఒక మిథైల్ కొమ్మ ఉంటుంది. దానికి ఫ్యుమరేట్ అనే అణువును అతికించి, అక్కడి నుంచి అంచెలంచెలుగా వలయాన్ని విప్పేస్తాయి.

పెట్రోలులోనే ఉండే బెంజీన్‌కు ఆ కొమ్మే లేదు. ఆక్సిజన్ లేకుండా దాన్ని విరగ్గొట్టే బాక్టీరియా అరుదు, పని మహా నెమ్మది. కొన్నిచోట్ల అసలు మొదలే కాదు. అంటే టోలుయిన్ ముందు పోతుంది, కాన్సర్ తెచ్చే బెంజీన్ మిగులుతుంది. తాగునీటిలో అది లీటరుకు 10 మైక్రోగ్రాములు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అంతకు ఎన్నో రెట్లు ఉంటే తప్ప మన ముక్కు పసిగట్టలేదు.

అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రంలోని బెమిడ్జి దగ్గర 1979 ఆగస్టులో ముడిచమురు పైపులైను పగిలింది. శుభ్రం చేయగా మిగిలిన చమురును శాస్త్రవేత్తలు 1983 నుంచి గమనిస్తున్నారు. బాక్టీరియా దశాబ్దాలుగా తింటూనే ఉన్నా చమురు పూర్తిగా పోలేదు. పైగా ఇనుము కరిగినప్పుడు దాన్ని అంటిపెట్టుకున్న ఆర్సెనిక్ కూడా భూగర్భజలంలో కలిసింది.

ఇప్పుడు మన బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు అమ్ముతున్నారు. అది లీకైతే బాక్టీరియా ముందు ఇథనాల్ మీద పడుతుంది, ఉన్న ఆక్సిజన్, నైట్రేటు దానికే ఖర్చవుతాయి. బెంజీన్ నీటితోపాటు ఇంకా దూరం పోతుంది. ఇథనాల్ లేని రోజుల లెక్కలు చూపించి ‘ఇంత దూరంలో భయం లేదు’ అంటే ఒప్పుకోకండి.

అనుమానం వచ్చిన రోజే ఆ నీళ్లు తాగడం, వాటితో వంట, స్నానం మానండి. కాస్తే బెంజీన్ ఆవిరై వంటింటి గాలిలో చేరుతుంది. క్లోరిన్ బిళ్లలు దాన్ని పోగొట్టవు. బావిలో పెట్రోలు వాసన వస్తే దగ్గర నిప్పు వెలిగించవద్దు, మోటారు స్విచ్ ముట్టవద్దు. పంచాయతీకీ కాలుష్య నియంత్రణ మండలికీ రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. అందులో బెంజీన్ పేరు స్పష్టంగా రాసి పరీక్ష అడగండి. మామూలు నీటి పరీక్షలో లవణాలు, గట్టిదనం తేలతాయి గానీ బెంజీన్ తేలదు.

అధికారులకు మా విజ్ఞప్తి ఒక్కటే. ఫిర్యాదు అందగానే బంకు భూగర్భ ట్యాంకుకు లీకు పరీక్ష చేయించండి, బెంజీన్ ఫలితం వచ్చేదాకా ఆ వీధికి ట్యాంకరు నీళ్లు పంపండి.