పెరటితోట: గట్టి నేలకు గట్టి చేతిపార



గత మాసమున బీర, పొట్ల పాదులకు పందిరి వేయు విధమును గూర్చి వ్రాసితిని. ఈ మాసమున ఎరువులను గూర్చి వ్రాయదలచి యుంటిని గాని, అనంతపురము జిల్లానుండి ఒక సోదరి వ్రాసిన జాబు నా తలంపును మార్చినది. ఆమె మాటలు ఇంచుమించుగా ఇవి: "అక్కగారూ! మా పెరడు ఎఱ్ఱనేల. ఎండకాలము వచ్చినచో బండరాతివలె నుండును. ఒక్క ఏడాదిలో మూడు చేతిపారలు కొంటిని. మొదటిది వంగెను, రెండవదాని పిడి ఊడెను, మూడవది విఱిగెను. నా మణికట్టు వాచి, పది దినములు పిండి కలుపుటకు కూడ చేయి ఆడలేదు. ఇంటిలో అందఱును, 'ఈ పని నీ చేతికి తగినది కాదు, అంగడిలో కూరలు దొరకవా?' అని నవ్వుచున్నారు. తోట మానివేయుదునా అని యోచించుచున్నాను. తప్పు నా చేతిలో నున్నదా, నేలలో నున్నదా?"

చెల్లీ! తప్పు నీ చేతిలోను లేదు, నేలలోను లేదు. ఆ మూడు పారలలో నున్నది. నీవు త్రవ్వుటకు ఎంచుకొన్న వేళలో కూడ కొంత తప్పుండవచ్చును. ఆ మాట తరువాత చెప్పెదను.

మనలో ఒక అలవాటు కలదు. వంటింటికి కత్తిపీట కావలసినచో నాలుగు అంగళ్లు తిరుగుదుము, అలుగు పదును చూతుము, పీట కదలునేమో యని ఊపి చూతుము. పెరటికి కావలసిన పనిముట్టును మాత్రము రంగుపిడి చూచి ముచ్చటపడి సంచిలో వేసికొని వత్తుము. అదియును కొననివారు అట్లకాడతో త్రవ్వుదురు. మా అత్తగారు పాత ఇత్తడిగరిటె కాడతోనే తులసికోటలో మన్ను గుల్ల చేసెడివారు. కోటలోని మెత్తని మట్టికి అది చాలును. నేలకు చాలదు.

పనిముట్టు పేరు చెప్పుటలోనే మనకు చిక్కు గలదు. అంగడివారు కొందఱు దీనిని తాపీ అందురు. అది మేస్త్రీలు సున్నము పూయు పనిముట్టు, దాని రేకు పలుచన, నేలలో దిగదు. బొరిగె యనునది బల్లపరుపుగ నుండి కలుపు చెక్కుటకు పనికివచ్చును. హైదరాబాదు నర్సరీలలో ఖుర్పీ యని అడిగినచో అట్టిదానినే ఇత్తురు. నేను చేతిపార యనుచున్నది, దోసిలివలె కొంచెము లోపలికి వంగి, కొన సన్నగిల్లి, ఒక్క చేతితో పట్టి గుంట తీసి మొక్క నాటుటకు తగినది.

ఇక నా అనుభవము వినుడు. మేము గుంటూరు విడిచి హైదరాబాదు చేరిన క్రొత్తలో, మల్లెతీగ నాటవలెనని ఒక చేతిపార కొంటిని. చూచుటకు తళతళలాడుచుండెను. నేను పుట్టి పెరిగినది నల్లరేగడి నేల. ఇక్కడిదేమో గ్రానైటు రాయి చివికి యేర్పడిన మొరము. నాలుగంగుళములు దిగగనే ఏదో తగిలెను. పిడిని క్రిందికి అణచి దానిని పెల్లగించబోతిని. పటుక్కున మెడ విఱిగి, విఱిగిన ఇనుము అరచేతిలో దిగబడెను. నెత్తురు కట్టి వేసికొని వైద్యురాలి యొద్దకు పోగా, ఆమె గాయమును చూచుటకు ముందు, "ధనుర్వాతము సూది ఎప్పుడు వేయించుకొంటిరి?" అని అడిగెను. నాకు జ్ఞాపకము లేదు. ధనుర్వాత క్రిములు మట్టిలోనే యుండును గనుక, తోటపని చేయువారు పది సంవత్సరముల కొకసారి ఆ సూది మందు మరల వేయించుకొనవలెనని ఆమె మందలించినది. చదువుచున్న మీలో ఎందఱకు ఆ తేదీ జ్ఞాపకమున్నదో!

చేయి మానిన పిమ్మట ఆ విఱిగిన ముక్కలను ముందు పెట్టుకొని చూచితిని. రేకు చెక్కు చెదరలేదు; పిడియు బాగుగనే యున్నది. రెంటిని కలుపు మెడయొద్ద మాత్రము చిటికెనవ్రేలికంటె సన్నని ఊచను రెండు బొట్లు అతికి పైన రంగు పూసి యుండిరి. మీరు పిడిని అణచి మట్టిని పైకెత్తునప్పుడు మీ చేతి బలమంతయు వచ్చి పడునది ఆ మెడమీదనే. సాధారణముగా చేతిపార చెడునది అక్కడనే. కనుక కొనునప్పుడు రేకును గాక మెడను ముందు చూడవలెను.

మెడలు మూడు విధములుగ నుండును. రేకును మెడయును పిడిలోని ఊచయును ఒక్క ఇనుపముక్కనే సాగగొట్టి చేసినవి మొదటి తరగతి. వానికి అతుకే లేదు గనుక విడిపోవుట కేమియు లేదు. రేకు వెనుకభాగమునే గొట్టమువలె చుట్టి అందులో కొయ్యపిడి దూర్చి, అడ్డముగ మేకు కొట్టి రెండువైపుల బిగించినవి రెండవవి. గొట్టము పొడవుగ నున్నచో ఇవియు మంచివే. ఊచను విడిగ చేసి రేకునకు అతికినవి మూడవవి. అతుకు చుట్టును నిండుగ, ఎడము లేక సాగినచో అవి కొన్నాళ్లు నడచును. బొట్లు బొట్లుగ నున్నచో ముట్టకుడు. కొయ్యపిడి మొదట పొన్ను ఉండి తీరవలెను. పొన్ను లేని పిడి మొదటి వేసవికే పగులును.

అంగడిలో సిగ్గుపడక ఒక పరీక్ష చేయుడు. కొనను నేలమీద ఆనించి, పిడిమీద మీ బరువు కొంత మోపుడు. మెడ ఏమాత్రము ఊగినను బల్లమీద పెట్టి బయటికి నడువుడు. అంగడివాడు, "అమ్మా, అట్లు చేయరాదు" అన్నచో, "మా నేల ఇంతకంటె నెక్కువ చేయును నాయనా" అని చెప్పుడు.

రేకు మందము రెండు మిల్లీమీటర్లకు తగ్గరాదు. నడుమ ఈనెవలె ఒక గట్టు సాగినచో ఆ మందమే మఱింత బలమిచ్చును; అరటియాకు నడిమి ఈనె చేయు పనియే అది. తుప్పు పట్టని ఉక్కు మంచిదా, నల్లని ఉక్కు మంచిదా యని కొందఱు అడుగుదురు. తుప్పు పట్టని ఉక్కులో నూటికి పదిన్నర పాళ్లకు తక్కువ గాక క్రోమియము కలియును; అందుచే అది మెఱుగు చెడదు, జిగటమన్ను దానికి తక్కువగ అంటును. ఆ మెఱుగు మాటున పలుచని రేకును అమ్ముట కూడ సులభమే. నల్లని ఉక్కునకు పదును బాగుగ నిలుచును గాని తుడిచి నూనె వ్రాయు ఓపిక కావలెను. తేలికగ నుండునని కొందఱు అల్యూమినియము పోతపార కొందురు. కుండీలలో మన్ను కలుపుటకు అది చక్కనిది. మొరములో దాని కొన త్వరగా అరిగి మొద్దుబాఱును. పైన ఉక్కురంగు పూసియున్నను, అయస్కాంతము దానికి అంటుకొనదు.

పిడిని చేతబట్టినప్పుడు బొటనవ్రేలు చూపుడువ్రేలిని తాకవలెను. తాకకున్నచో పిడి లావు. మీ చేయి త్వరగా అలయును. అరచేయి నిండనంత సన్ననిదైనను బిగించి పట్టలేక బొబ్బలెక్కును. పెద్ద చేతులవారిని తలంచి చేసిన పిడులు అంగళ్లలో మెండు. అవి మన చేతికి పట్టనిచో మన చేతిని నిందింపనక్కఱలేదు. కొయ్యలలో తుమ్మకొయ్యకు సాటి లేదు. మన రైతులు పనిముట్ల పిడులకు దానిని ఊరక వాడలేదు. పొడవునకు కొయ్య రేఖలు తిన్నగ సాగినవేమో చూడుడు.

నేలనుబట్టి రేకు వెడల్పు మాఱవలెను. ఒకే పార అన్ని నేలలకు పనికివచ్చునని నేను చెప్పజాలను. నల్లరేగడిలోని సన్నని బంకరేణువులు నీటిని పీల్చి ఉబ్బును, ఎండినచో కుంచించుకొని నెఱ్ఱెలు విచ్చును. అందు వెడల్పుపార దిగినను మన్నంటుకొని రాదు. రెండంగుళముల సన్నరేకు, నునుపైనది, మేలు. ఎఱ్ఱనేల వేఱు. వానకు మెత్తబడును, ఎండకు పైపెచ్చు కట్టి బిగిసికొనును. అందును మొరములోను కొన సూదిగ నుండవలెను, రేకు మందముగ నుండవలెను, వెడల్పు తక్కువయినను పరవాలేదు. గోదావరి ఒండ్రునేలవారు అదృష్టవంతులు. వారు ఏది కొన్నను చెల్లును.

అంగడిలో మనసునకు నచ్చినది దొరకకున్నచో కమ్మరి యున్నాడు. ఇప్పుడు నా చేతనున్నది అట్టిదే. మా ఊరికి పోయినప్పుడు పాత లారీకమాను పట్టీముక్క నొకటి కొలిమికి కొనిపోయితిని. కమానులకు వాడునది వంగినను మరల నిలుచు ఉక్కు. దానిని కాచి, సాగగొట్టి, దోసిలివలె వంచి, మెడయును ఊచయును అందులోనే దీసి ఇచ్చినాడు. ఒక్కమాట మాత్రము మఱవక చెప్పుడు. ఎఱ్ఱగ కాచి చల్లార్చి ఊరకున్నచో ఆ ఉక్కు గాజువలె పెళుసై రాతికి తగిలి చిట్లును. చల్లార్చిన పిమ్మట మరల కొంచెము సెగ చూపి పెళుసు తీయవలెను. మంచి కమ్మరికి ఇది చెప్పనక్కఱలేదు గాని, తొందరలో నున్నవాడు ఆ రెండవ సెగ ఎగవేయును. మన దేశమున ఈ విద్య నిన్న మొన్నటిది కాదు. నిజామాబాదు ప్రాంతమున కోనసముద్రమనెడు ఊరిలో కాచిన ఉక్కును, కత్తులు చేయించుటకై పారసీక దేశపు వర్తకులు వచ్చి కొనిపోయెడివారు. అట్టి నేలమీద పుట్టి, వంగిపోవు రేకుతో మల్లెకు గుంట త్రవ్వబోతిని!

ఇప్పుడు వేళ మాట. మన భాషలో పదను అను మాట నేలలోని తగుమాత్రపు తడికిని చెల్లును, ఉక్కునకు పెట్టు వాడికిని చెల్లును. రెండు పదనులును కుదిరిననే పని సాగును. ఎండి బిగిసిన నేలను ఎంత గట్టి పారతోనైనను పొడువరాదు. ముందునాటి సాయంకాలము గుంట తీయదలచిన చోట రెండు బిందెల నీరు మెల్లగ పోసి, పాత గోనె కప్పి యుంచుడు. తెల్లవాఱి పిడికెడు మన్ను తీసి నొక్కుడు. ఉండ కట్టి, వ్రేలితో తాకినంతనే పొడియైనచో పదను కుదిరినట్లు. ఉండ కట్టక రాలినచో ఇంకను నీరు కావలెను. వ్రేలికి జిగురుగ అంటినచో ఒకపూట ఆగుడు. రేగడిలో రెండు మూడు దినములైనను ఆగవలసి వచ్చును.

పట్టుకొను తీరు కూడ ముఖ్యమే. మనము గరిటెవలె పట్టి ముందునకు త్రోయుదుము. అప్పుడు మణికట్టు మడతపడి బరువంతయు దానిమీదనే పడును. గట్టినేలలో పిడిని పిడికిట బిగించి, దోసిలివైపు మీ దిక్కునకు త్రిప్పి, కొనను నిలువుగ దించి, మీవైపునకు లాగుడు. మణికట్టు తిన్నగ నుండి మోచేయియు భుజమును పని చేయును. మోకాళ్ల క్రింద పాతగుడ్డ మడిచి వేసికొని, గుంటకు దగ్గఱగ కూర్చుండుడు. రాయి తగిలినచో పారను మీటుకోలగ వాడకుడు. గునపము తెచ్చి రాతిని కదల్చుడు, లేదా ఇంటిలో నవ్వుచున్నవారిని పిలిచి ఆ గునపము వారి చేతికిండు.

పని ముగిసిన పిమ్మట మన్ను కడిగి, తుడిచి, రెండు చుక్కలు నూనె వ్రాసి, నీడను వ్రేలాడగట్టుడు. వాడి తగ్గినచో ఆకురాయితో లోపలి అంచును ఒకే దిక్కునకు నాలుగుసారులు రాయుడు. వంటింటి కత్తివలె చురుకుగ చేయ నక్కఱలేదు.

అనంతపురపు సోదరికి కడపట రెండు మాటలు. వాపు పూర్తిగ తగ్గువఱకు పారను ముట్టకుము. తగ్గి మరల వచ్చినచో వైద్యునికి చూపింపుము. ఊరిలో కమ్మరి యున్నచో కమానుముక్కతో రెండంగుళముల వెడల్పు, ఆఱంగుళముల పొడవు గలదానిని, నీ పిడికిటి కొలతకు తుమ్మపిడి వేయించి చేయించుకొనుము. పిడి కొలతకు నీవే పొమ్ము, మఱొకరిని పంపకుము. మొదటి గుంట నీరు పోసి కప్పిన చోటనే తీయుము. అందులో ఏ మొక్క నాటితివో నాకు వ్రాయుము; వచ్చు మాసము ఎరువులను గూర్చి వ్రాయునప్పుడు ఆ మొక్కకు తగినదానితోనే మొదలు పెట్టెదను.