మెదడుకు పరీక్ష పెట్టే మేష్టరు



ఈ నెల టపాలో మైపాడుకు ఎగువన వున్న ఒక చిన్న పాళెం నుంచి ఒక ఉత్తరం వచ్చింది. రాసినది తొమ్మిదో తరగతి చదివే అమ్మాయి. ఉత్తరం నాలుగు పేజీలు వున్నది గాని, ఒక్క వాక్యం కూడా వృథా కాదు.

వాళ్ల తాతకు ఎండాకాలంలో పక్షవాతం వచ్చిందట. ఎడమ చెయ్యి, ఎడమ కాలు పడిపోయినవి. ప్రాణాపాయం తప్పింది, కాలు కొద్ది కొద్దిగా స్వాధీనంలోకి వచ్చింది. కాని ఇంటికి వచ్చాక తాత ఒక వింత పని మొదలుపెట్టాడు. కంచంలో కుడివైపు అన్నమంతా తింటాడు, ఎడమవైపు అన్నం ముట్టనే ముట్టడు. పైగా, ''ఇంత కొంచెం పెడితే ఎలా సరిపోతుందే?'' అని అవ్వను కసురుకుంటాడు. అవ్వ కంచాన్ని చేత్తో గుండ్రంగా తిప్పి పెడితే మాత్రం మిగిలినదంతా తినేస్తాడు! ముసలితనానికి మంకుతనం కూడా తోడయిందని ఇంట్లో అందరూ అనుకున్నారు. అవ్వ రెండు రోజులు మాట్లాడటం కూడా మానేసిందట.

తరువాత తాతను చెన్నపట్నం తీసుకువెళ్లారు. అక్కడ పెద్ద డాక్టరు మెదడు ఫొటోలు చూసి, తాతను పక్క గదిలోకి పంపించాడు. ఆ గదిలో ఒకావిడ బల్ల ముందు కూర్చుని వున్నది. ఆమె మెడలో స్టెతస్కోపు లేదు, చేతిలో సూది లేదు. నిండా చిన్న చిన్న గీతలున్న కాగితం ఒకటి తాత ముందు పెట్టి, ''ప్రతి గీతనూ కొట్టెయ్యి, తాతా,'' అన్నది. తాత కుడివైపు గీతలన్నీ కొట్టేసి, ''అయిపోయిందమ్మా,'' అంటూ పెన్సిలు కింద పెట్టేశాడు. ఎడమవైపు గీతలన్నీ అలాగే వున్నాయి! తరువాత, ఒక నిమిషంలో ఎన్ని జంతువుల పేర్లు చెప్పగలవో చెప్పమన్నది. జీవితమంతా వలలు లాగిన మనిషి గదా, తాత ఉత్సాహంగా వంజరం, చందువ, మాగ, పండుగప్ప అని మొదలుపెట్టాడు. ఆమె నవ్వి, ''చేపలు వద్దు తాతా, మిగతా జంతువులు చెప్పు,'' అన్నదట.

రెండు గంటలు ఇలా గడిచాక ఆమె అవ్వను పిలిచి, ''ఇది మంకుతనం కాదు. ఎడమవైపు అనేది ఒకటి వున్నదని ఆయన మెదడు గుర్తించటం లేదు. కోప్పడకండి. కంచానికి ఎడమ అంచున ఎర్రటి టేపు అంటించి, ఆ ఎరుపు కనిపించేదాకా చూడమని ప్రతిసారీ చెప్పండి,'' అన్నది.

''మేష్టరుగారూ! ఆమె డాక్టరా, కాదా? ఆమెలాగా కావాలంటే నేను ఏం చదవాలి?'' అని ఆ అమ్మాయి అడిగింది.

ఆమె క్లినికల్ న్యూరోసైకాలజిస్టు, అమ్మా. మందులు ఇచ్చే డాక్టరు కాదు. మెదడులోని నరాల జబ్బుకు మందు ఇచ్చే ఆయన న్యూరాలజిస్టు. పుర్రె తెరిచి ఆపరేషన్ చేసే ఆయన న్యూరోసర్జన్. మనస్సుకు వచ్చే జబ్బులకు మందు ఇచ్చే ఆయన సైకియాట్రిస్టు. ఈ ముగ్గురూ మొదట ఎం.బి.బి.యస్. చదివినవారే. న్యూరోసైకాలజిస్టు మరొక దారిలో వస్తారు. మెదడుకు దెబ్బ తగిలితే ఆ మనిషి జ్ఞాపకంలో, మాటలో, శ్రద్ధలో, ఆలోచనలో ఏది పోయింది, ఏది మిగిలింది అని కొలిచి చెప్పటం వారి పని. మిగిలినదాన్ని ఆసరా చేసుకుని పోయినదాన్ని ఎలా పూడ్చుకోవాలో నేర్పటం కూడా వారి పనే.

తాత సంగతి చూడండి. మన మెదడు బరువు 1,400 గ్రాములకు కొంచెం అటూ ఇటూ వుంటుంది. దాని కుడి సగం ఎడమ చేతినీ కాలినీ నడిపిస్తుంది, ఎడమ సగం కుడివాటిని నడిపిస్తుంది. తాతకు కుడి సగంలో రక్తం అందక దెబ్బ తగిలింది. చుట్టూ వున్న స్థలం మీద మనసు నిలిపే పనిలో ఆ సగానికి పెద్ద వంతు వున్నది. తాత కళ్లకు లోపమేమీ లేదు. సముద్రపు ఒడ్డున దీపస్తంభం వెలుగు ఒక పక్కకే తిరిగి, రెండో పక్కకు రాకుండా ఆగిపోతే ఎలా వుంటుందో అలా వున్నది ఆయన ధ్యాస. అవతలి పక్క పడవ లేక కాదు, దాని మీద వెలుగు పడటం లేదు!

అదే దెబ్బ మెదడు ఎడమ సగానికి తగిలితే మాట పడిపోతుంది. ఈ సంగతిని లోకానికి గట్టిగా చెప్పినవాడు పారిస్‌లో వుండిన బ్రోకా అనే వైద్యుడు. 1861లో ఆయన దగ్గర ఒక రోగి వుండేవాడు. ఎవరేమి అడిగినా ''టాన్, టాన్'' అనే తప్ప మరొక మాట అనలేకపోయేవాడు, కాని ఇతరులు చెప్పినది చాలావరకు అర్థం చేసుకునేవాడు. అతను చనిపోయాక బ్రోకా మెదడును పరీక్షించి చూస్తే, ఎడమవైపు ముందు భాగంలో దెబ్బతిన్న చోటు కనిపించింది. రెండో ప్రపంచ యుద్ధంలో తలకు తూటాలు తగిలిన సైనికులు వేలకు వేలు ఆస్పత్రులకు వచ్చారు. రష్యాలో లూరియా అనే పండితుడు అలాంటివారి పక్కనే కూర్చుని, ఏ చోట దెబ్బ తగిలితే ఏ శక్తి పోతుందో ఓపికగా చూసి రాశాడు. యుద్ధం వల్ల ఎవరికైనా మేలు జరిగిందని నేను అనను గాని, ఈ విద్యకు పునాది అక్కడ గట్టిపడింది.

మన దేశంలో దీనికి పుట్టిల్లు బెంగుళూరు. అక్కడి మానసిక ఆస్పత్రి ఆవరణలో 1954లో ఒక అఖిల భారత సంస్థ పెట్టి, మరుసటి ఏడే క్లినికల్ సైకాలజీలో శిక్షణ మొదలుపెట్టారు. 1974లో ఆస్పత్రినీ సంస్థనూ కలిపారు. అదే ఇప్పటి నిమ్హాన్స్. అక్కడి శోభిని రావుగారు మొదలైనవారు 2004లో మన దేశపు మనుషులకు తగిన పరీక్షల కట్ట ఒకటి తయారుచేశారు. జంతువుల పేర్లు చెప్పే పరీక్ష ఆ కట్టలో వున్నది. అందులో చేపలు, పక్షులు, పాములు లెక్కకు రావు.

ఇక్కడ నేను కాసేపు ఆగాలి. మా జిల్లా వాడిని, చేపల సంగతి అంత తేలికగా వదలను! చేపలను లెక్కలోకి తీసుకుంటే, మన తాత నిమిషంలో ముప్ఫై పేర్లు చెబుతాడు. ఎన్నడూ సముద్రం చూడని పట్నవాసి నాలుగు చెప్పి ఆగిపోతాడు. అలాగైతే పరీక్ష కొలిచేది మెదడునా, వృత్తినా? ఈ పనిలో అన్నిటికన్నా కష్టమైన ప్రశ్న ఇదే. ఇంగ్లీషు దేశాల్లో ఒక అక్షరం ఇచ్చి, దానితో మొదలయ్యే మాటలు చెప్పమని పరీక్షిస్తారు. బడి మొహం చూడని మనిషికి అక్షరం అంటేనే తెలియదు, అతన్ని ఆ ప్రశ్న అడిగి తెలివి తక్కువ అని రాస్తే ఎంత అన్యాయం! అందుకని ఒక మనిషి మార్కులను అదే వయస్సు, అంతే చదువు వున్న ఆరోగ్యవంతుల మార్కులతోనే పోల్చాలి. భారత వైద్య పరిశోధనా మండలివారు ఈ మధ్య అయిదు భారతీయ భాషలలో పరీక్షలు సిద్ధం చేయించారు. వాటిలో తెలుగు ఒకటి. చదవటం రానివారి కోసం వేరే ఏర్పాటు కూడా అందులో వున్నది.

భాషల సంగతి వచ్చింది గనక హైదరాబాదులో జరిగిన పని కూడా చెబుతాను. అక్కడి నిమ్స్ ఆస్పత్రిలో డాక్టర్ సువర్ణ అల్లాడిగారు, భాషాశాస్త్రవేత్త దుగ్గిరాల వసంతగారు, మరికొందరు కలిసి మతిమరుపు జబ్బు వచ్చిన 648 మందిని పరిశీలించారు. ఒకే భాష మాట్లాడేవారి కంటె, రెండు లేక అంతకు మించి భాషలు మాట్లాడేవారికి ఆ జబ్బు సుమారు నాలుగున్నర ఏళ్లు ఆలస్యంగా వచ్చిందని 2013లో ప్రకటించారు. ఇందులో నాకు నచ్చిన సంగతేమిటంటే, బడికి పోనివారిలో కూడా ఈ తేడా కనిపించింది. అంటే ఇది కేవలం చదువు మహిమ కాదన్నమాట. 2016లో వారే పక్షవాతం వచ్చిన 608 మందిని చూశారు. ఒకే భాష వచ్చినవారిలో నూటికి 20 మందికి మాత్రమే ఆలోచనాశక్తి చెక్కుచెదరలేదు. ఎక్కువ భాషలు వచ్చినవారిలో నూటికి 40 మందికి అలా నిలిచింది. ఇతర దేశాలలో కొందరు శాస్త్రవేత్తలకు ఇదే ఫలితం దొరకలేదు, వాదన ఇంకా సాగుతూనే వున్నది. తెలుగూ తమిళమూ రెండూ కలిపి మాట్లాడే సూళ్లూరుపేట పిల్లలు దీన్ని చదివి మరీ పొంగిపోవద్దు, కొంచెం పొంగవచ్చు.

ఇక చదువు. పదో తరగతి తరువాత ఇంటర్మీడియట్ ఏ గ్రూపు అయినా దారి పూర్తిగా మూసుకుపోదు, కాని జీవశాస్త్రం చదివితే తరువాత సుఖం. డిగ్రీలో సైకాలజీ తీసుకోవాలి, ఆపైన సైకాలజీలోనే పీజీ చెయ్యాలి. మనకు దగ్గరగా తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో సైకాలజీ శాఖ వున్నది, విశాఖపట్నంలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలోనూ వున్నది. అప్పటికి చదివినది పుస్తకమే. రోగి పక్కన కూర్చోవటం ఆ తరువాత మొదలవుతుంది. దానికి చాలాకాలంగా వున్న మార్గం, ఆస్పత్రిలో పెద్దల పర్యవేక్షణలో రెండేళ్లు చేసే ఎం.ఫిల్. క్లినికల్ సైకాలజీ. ఢిల్లీలోని భారత పునరావాస మండలి గుర్తించిన చోటే ఈ శిక్షణ పొందాలి, ఆ మండలిలోనే పేరు నమోదు చేయించుకోవాలి. 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టం కూడా ఈ సంగతి చెబుతున్నది. అయితే 2022లో విశ్వవిద్యాలయాల గ్రాంట్ల సంఘం వారు ఎం.ఫిల్. పట్టాను ఎత్తివేశారు, తరువాత ఈ విద్యకు కొంత గడువు ఇచ్చారు. కోర్సుల పేర్లు మారుతున్నాయి. కనుక తల్లిదండ్రులకు ఒక మాట: కాలేజీ వాడు అచ్చువేసిన రంగుల కాగితాన్ని నమ్మి డబ్బు కట్టవద్దు. ''ఈ కోర్సుకు మండలి గుర్తింపు వున్నదా?'' అని అడిగి, ఆ మండలి జాబితాలో మీ కళ్లతో మీరే చూసుకోండి.

లెక్క వేస్తే పదో తరగతి తరువాత కనీసం తొమ్మిదేళ్లు. ఆపైన మెదడు రోగుల మధ్యనే మరికొన్నేళ్లు పని నేర్చుకుంటేగాని న్యూరోసైకాలజిస్టు అనిపించుకోరు. అమెరికాలో అయితే డాక్టరేటు తరువాత మరో రెండేళ్లు ప్రత్యేక శిక్షణ వుంటుంది. పెద్ద నరాల ఆస్పత్రులలో, మూర్ఛరోగానికి ఆపరేషన్ చేసే చోట్ల, తలకు దెబ్బ తగిలినవారికి పునరావాసం కల్పించే చోట్ల వీరికి పని వుంటుంది. ఇలాంటి ఉద్యోగాలు ఎక్కువగా పట్నాలలోనే వున్నాయి. ఈ సంగతి ముందే తెలుసుకుని దిగటం మంచిది.

నేను పని చేసిన ఒక పల్లెలో తాటిచెట్టు మీద నుంచి పడిన కుర్రవాడు ఒకడు వుండేవాడు. గాయం మానింది, కాని ఎక్కాలలో అందరికన్నా ముందుండే వాడు ఒక చిన్న లెక్క చెయ్యటానికి అరగంట తీసుకోసాగాడు. చీటికి మాటికి కోపం. గాలి సోకిందన్నారు కొందరు, సోమరి అయినాడన్నారు మరికొందరు. వేపమండలతో కొట్టించారు కూడా. మేనమామ వాణ్ని పట్టుబట్టి పెద్ద ఆస్పత్రికి తీసుకుపోతే, అక్కడ ఒకాయన ఇలాంటి పరీక్షలే పెట్టి బడికి ఒక కాగితం పంపాడు: ''తెలివి పోలేదు. వేగం తగ్గింది, తొందరగా అలసిపోతాడు. ఒకసారి ఒక పనే చెప్పండి, పరీక్షలో ఎక్కువ సమయం ఇవ్వండి.'' అర్ధ పేజీ కాగితం! ఎక్కువ సమయం ఇచ్చాము. వాడు పది ప్యాసై, ఇప్పుడు పడవ ఇంజన్లు బాగుచేస్తున్నాడు. నిదానంగానే చేస్తాడు, కాని వాడు బిగించిన బోల్టు సముద్రం మీద ఊడదని అంటారు.

ఆస్పత్రిలో పెట్టే పరీక్షలేమిటో ఇంకా చెప్పమని మీలో కొందరు రాస్తారని నాకు తెలుసు. చెప్పను. ముందే చూసిన ప్రశ్నపత్రం మీద పరీక్ష రాస్తే ఏమవుతుందో హెడ్మాష్టరుకు వేరే చెప్పాలా? కాని లోకమంతటికీ తెలిసిన ఒకటి ఇంట్లో చేసి చూడండి.

కాగితం మీద ఒక పెద్ద నక్షత్రం గీసి, దాని లోపల అంగుళంలో నాలుగో వంతు ఎడంగా ఇంకో నక్షత్రం గీయండి. ఎదురుగా అద్దం నిలబెట్టండి. కాగితం నేరుగా కనిపించకుండా మీ చేతి పైన ఒక అట్టను అడ్డంగా పెద్దవాళ్లెవరినైనా పట్టుకోమనండి. ఇక అద్దంలోనే చూస్తూ రెండు గీతల మధ్య పెన్సిలు నడపండి. మొదటిసారి పెన్సిలు మీ మాట వినదు! అమెరికాలో ఒకతనికి మూర్ఛరోగం కోసం 1953లో మెదడు రెండు పక్కలా కొంత భాగం తీసివేశారు. ఆ తరువాత కొత్త సంగతి ఏదీ అతని జ్ఞాపకంలో నిలిచేది కాదు. బ్రెండా మిల్నర్ అనే ఆమె మూడు రోజులపాటు అతనిచేత ఈ నక్షత్రం గీయించింది. ప్రతిసారీ, ''ఇది నేనెన్నడూ చెయ్యలేదే!'' అన్నట్టే కూర్చునేవాడు. అయినా రోజురోజుకూ అతని గీత చక్కబడింది. అంటే చేతికి వచ్చే నేర్పు ఒక చోట, జరిగిన సంగతుల జ్ఞాపకం మరో చోట వుంటాయని తేలింది. అప్పటిదాకా జ్ఞాపకం అంతా ఒకే మూట అనుకునేవారు.

రోజుకు అయిదుసార్ల చొప్పున మూడు రోజులు గీయండి. ప్రతిసారీ ఎన్ని సెకన్లు పట్టింది, గీత ఎన్నిసార్లు దాటింది రాసుకుని నాకు పంపించండి. మైపాడు అమ్మాయి తాతచేత కూడా గీయించవచ్చు, కాగితానికి ఎడమ అంచున మాత్రం ఎర్ర టేపు మరిచిపోవద్దు.