పత్తి నెరిగిన ఊరు, గుడ్డ నెరుగదు

కార్తికము దాటి పత్తి బండ్లు భైంసా మార్కెట్ యార్డునకు వరుస కట్టు దినములలో, అచ్చట జరుగు పరీక్షకు సాటిరాగల పరీక్ష విశ్వవిద్యాలయములందైనను జరుగునా యని నాకు సందేహము. కొనువాడు కుప్పలోనికి మోచేతి వరకు చేయి దూర్చి, అడుగున తడి ఉన్నదేమోయని పిడికిట పట్టి చూచి, రెండు చేతుల వ్రేళ్ళ నడుమ పింజను లాగి దాని పొడవును అంచనా కట్టి, ఆకునలుసు ఎంత కలిసినదో కంటితోనే తేల్చివేయును. భారత పత్తి సంస్థవారి కేంద్రమైనచో తేమను కొలుచు మీటరును గ్రుచ్చి, 8 శాతములోపు ఉన్నచో పూర్తి ధరను, అంతకు మించినచో కోతను, 12 శాతము దాటినచో తిరస్కారమును విధింతురు. రైతు కూడ ఈ విద్యయందు కొనువానికి తీసిపోవువాడు కాడు. అట్టి రైతే, పత్తి అమ్మిన సొమ్ము జేబునబెట్టుకొని పండుగకు కొడుకునకు చొక్కా కొనుటకై అదే ఊరి బజారున దుకాణమెక్కినప్పుడు, రంగును చూచును, ధరను బేరమాడును గాని, అది పత్తియో, పాలిస్టరో, రెండును కలిసినదో అడుగడు. అడిగినను నిశ్చయముగా చెప్పగలవాడు ఆ దుకాణమున సాధారణముగా ఉండడు.

ఈ విడ్డూరమునకు లెక్క కూడ కలదు. 2025-26 సంవత్సరమునకు పొడవు పింజ పత్తికి కేంద్ర ప్రభుత్వము ప్రకటించిన మద్దతు ధర క్వింటాలునకు 8,110 రూపాయలు. జిన్నింగు మిల్లులో ఆడించినచో అందులో దూదిగా తేలునది మూడవ వంతునకు కొంచెము ఎక్కువ. ఒక చొక్కాకు, వడకుటలో పోవు తరుగును కలుపుకొని, పావుకిలో దూది పట్టునని అనుకొందము. దానికి కావలసిన పత్తి ముప్పాతిక కిలో. అందుకై రైతు చేతబడునది, గింజ విలువయు కలిసియే, సుమారు 60 రూపాయలు. ఆ చొక్కా ఆరేడు వందలకు తిరిగివచ్చి ఆ రైతు కుమారుని ఒంటికెక్కును. నడుమనున్న సొమ్మంతయు కుట్టిన చేతులకు ముట్టుచున్నదని భ్రమపడ నక్కరలేదు. 2013 ఏప్రిల్ 24వ తేదీన బంగ్లాదేశ్‌లో రాణా ప్లాజా భవనము కూలి 1,134 మంది మరణించిననాడు, చవుకబట్ట ఎందుకు చవుకయో లోకమునకు తెలిసెను. తెలిసిన కొలది కాలమునకే మరచిపోయెను.

ఇంటనున్న పాతబట్టను విప్పి, తన కొలతకు కోసి, తన దుస్తులను తాను కుట్టుకొను అలవాటు మన ఊళ్ళలో మరల పాదుకొనవలెనని నేను కోరుట పొదుపునకై కాదు. భూమండలమును ఉద్ధరించుటకై అంతకంటెను కాదు. పత్తిని అంతగా ఎరిగిన జనము గుడ్డ విషయమున ఇంత అమాయకులై యుండరాదని మాత్రమే నా వాదము. ఆ యెరుక గుడ్డను చీల్చి, కుట్టి, పాడుచేసి, మరల కుట్టినవారికే అబ్బును.

ఈ పనికి నగరములలో నేడు అప్‌సైక్లింగ్ అని పేరు పెట్టి, పాత చీర ముక్కలతో కుట్టిన కోటును వేల రూపాయలకు అమ్ముచున్నారు. వారిని ఎగతాళి చేయుట నా ఉద్దేశము కాదు. కాని ముథోల్ ప్రాంతమున ఏ ముసలవ్వకైనను ఈ సంగతి చెప్పినచో, "గిదేం కొత్త ముచ్చట బిడ్డా, మేం బొంతలు కుట్టలేదా?" అని నవ్వును. పత్తికట్టె పీకుట ముగిసి చేతులు ఖాళీయైన ఎండకాలమున, నాలుగైదు పాతచీరలను గంజి పోవునట్లు ఉతికి, వాకిట పందిరి క్రింద పరచి, మెత్తబడిన వాయిలు చీరలను లోపలి పొరలుగను, ఇంకను బిగువున్న నేతచీరను పైపొరగను అమర్చి, పొరలు కదలకుండ మూలలకు రాళ్ళు పెట్టి, అంచు వెంబడి కుట్టు మొదలుపెట్టి, చదరములో చదరముగా నడుమకు చేరుదురు. చినిగినచోటు ఏ పొరయందున్నదో పైకి తెలియదు. ఒక చీర చిరుగు మరియొక చీర గట్టిదనము క్రిందికి పోవునట్లు పరచుటలోనే ఆ పనితనమంతయు కలదు. ఇదే పనిని పక్క వీధిలో మరాఠీ మాటాడు ఇంట గోధడీ అనియు, మరియొక వీధిలో ఉర్దూ మాటాడు ఇంట గుదడీ అనియు అందురు. పుష్యమాసపు చలి ఆదిలాబాదు వైపున ఎట్టిదో అనుభవించినవారికి దాని విలువ వేరుగ చెప్ప నక్కరలేదు.

తండాలలోని లంబాడా స్త్రీల కుట్టు దీనికంటె ఒక మెట్టు పైది. ఏలయన వారు కప్పుకొనుటకు గాక కట్టుకొనుటకే అతుకును వాడిరి. పేటియా, కాంచళి, తలపై వేసికొను టుక్రి: ఈ మూడింటను ముక్కకు ముక్క చేర్చుటయే అలంకారమునకు మూలము. అద్దము నిలువవలెనన్నచో క్రింది గుడ్డ దళసరి కావలెను గనుక పాతగుడ్డ పొరలను అడుగున చేర్చి కుట్టుదురు. రెండు ముక్కలు కలిసిన గీతను రంగుదారముతో కప్పి, అతుకును అంచుగా మార్చివేయుదురు. పేటియా జీర్ణించినను అద్దముల పట్టీ చెడదు. దానిని కోసి తీసి క్రొత్తదానికి కుట్టుకొనుట కలదు. నేడు తండాలలోని పడుచులు చాలవరకు చీరలకును పంజాబీ డ్రెస్సులకును మారిరి. మారవలదని చెప్పుటకు మనమెవరము? ఆ కుట్టు ఎరిగిన చేతులు మాత్రము ఇంకను ఉన్నవి.

ఇంకను వెనుకకు పోదుము. గోదావరీ తీరమున ఆశ్రమము కట్టుకొనియుండి, తన పదునారుగురు శిష్యులను బుద్ధుని కడకు పంపిన బావరి వృత్తాంతము సుత్తనిపాతమున కలదు. ఆ ఆశ్రమము మన నిర్మల్ జిల్లాలోని బాదనకుర్తి వద్దనే యుండెనని కొందరు చరిత్రకారుల అభిప్రాయము. ఆ శిష్యులు వెళ్ళి చేరిన సంఘమునందు, చెత్తకుప్పల మీదను శ్మశానములందును దొరకిన పేలికలను ఏరి, ఉతికి, అతికి కుట్టుకొన్న పాంసుకూల చీవరము ధరించుట గౌరవనీయమైన వ్రతము. మగధలోని పొలముల గట్లను చూపి, ఆ తీరున చీవరపు ముక్కలను అమర్చగలవా యని బుద్ధుడు ఆనందు నడిగినట్లు వినయపిటకము చెప్పుచున్నది. అతుకును దాచదగిన లోపముగా గాక ఆకృతిగా నిలిపిన తొలి దర్జీ ఆనందుడే యని నాకు తోచును.

ఇంత వెనుకటి సంప్రదాయమున్న పని నేడు సిగ్గుచేటు ఎట్లయ్యెను? ఇందు దాచుటకేమియు లేదు. మన ఊళ్ళలో పాతబట్ట పైనుండి క్రిందికి దిగినది. దొర విడిచిన ధోతి జీతగానికి, దొరసాని విడిచిన చీర ఇంటిపని చేయు ఆమెకు, చనిపోయినవారి బట్టలు చాకలికి ముట్టుచుండెను. తీసికొన్నవారికి కాదనుటకు వీలు లేదు. కట్టుకొన్నప్పుడు అది ఎవరి బట్టయో ఊరంతయు ఎరుగును. ఆ జ్ఞాపకమున్న కుటుంబములకు పాతబట్ట మహిమను ఉపన్యసించు అర్హత ఎవరికిని లేదు. ఇంగ్లండు సంగతి వేరు: 1941 జూన్ 1వ తేదీన అచ్చట బట్టలకు కూపన్లు పెట్టినప్పుడు ధనికునకును కూలివానికిని కూపన్లు ఒక్కటే, 1943లో ప్రభుత్వమే చిరుగులు బాగుచేసికొను విధమును బోధించు చిన్నపుస్తకమును అచ్చువేసి వెలువరించెను. అతుకు అందరిదైనప్పుడు అందు అవమానము లేకపోయెను. అదే 1943లో బ్రిటిషిండియాలోను నూలు మీద, బట్ట మీద కంట్రోలు ఉత్తరువు వచ్చెను గాని, చిరుగు బాగుచేసికొను విధమును మన పేదలకు ఎవరును నేర్ప నక్కరలేకపోయెను; వారికది ముందే వచ్చును.

కనుక ఎవరో కట్టి విడిచిన బట్టతో మొదలుపెట్టుమని నేననను. తన ఇంటి బీరువాతోనే మొదలుపెట్టవచ్చును. ఆ దారిన మైల అంటు పట్టింపును అడ్డురాదు. పుట్టిన బిడ్డకు మొదట చుట్టు పొత్తిగుడ్డ నేటికిని పలు ఇండ్లలో అమ్మమ్మ పాతచీర ముక్కయే గదా! అది మెత్తనిదని, ఎన్నియో ఉతుకులకు రంగు పోవలసినదంతయు పోయినదని, ఇక బిడ్డ ఒంటికి అంటునది ఏమియు లేదని ఎరిగియే పెద్దలు దానిని ఎంచిరి.

చీరను ఎత్తి కిటికీ వెలుతురునకు పట్టి చూడుడు. కూర్చుండు చోట, కాలి మడమ తగులు అంచున, కుచ్చిళ్ళు దోపుచోట పోగు పలుచబడి వెలుతురు జల్లెడ పట్టినట్లు దిగును. కొంగు వైపున రెండు గజములు మాత్రము తరచుగా క్రొత్తవలె నుండును. ఆ కొంగుతో ముందుభాగమును, నడుమనున్న గట్టి గుడ్డతో వెనుకభాగమును, అంచుతో చేతులను తీసినచో, అయిదున్నర మీటర్ల నేతచీరలో ఒక కుర్తాయు, చిన్నపిల్లకు ఒక గౌనును, ఇంకను మిగిలిన ముక్కలలో ఒకటి రెండు దిండుగలీబులును తేలును. క్రొత్తగుడ్డను కోయుటకు ముందు తడిపి ఆరవేయవలెను, లేనిచో కుట్టిన తరువాత గుంజుకొనును. పాతగుడ్డ ముడుచుకొనవలసినంత ఎన్నడో ముడుచుకొన్నది గనుక ఆ బెడద లేదు. దాని బదులు వేరొక బెడద కలదు: వాడిన గుడ్డ ఒకవైపునకు సాగియుండును, నిలువు పోగును చూడక ఐమూలగా కోసినచో మొదటి ఉతుకునకే చంక క్రింద మెలిపడును. గుడ్డ జాతి తెలియకున్నచో అంచునుండి ఒక పోగు లాగి అగ్గిపుల్ల చూపుడు. పత్తియైనచో కాగితము కాలిన వాసన వచ్చి బూడిద వ్రేళ్ళ నడుమ నలిగిపోవును. పాలిస్టరైనచో కరగి నల్లని గట్టి పూసయై నిలుచును. రెండును కలిసినచో బూడిదలో గరుకు తగులును. యార్డులో పింజ లాగి చూచు వ్రేళ్ళకు ఈ పరీక్ష ఎంతపని?

యంత్రములు చేయగల పనిని సూదితో ఏల యని అడుగువారున్నారు. పానిపట్టులో దేశదేశముల పాత ఉన్నిబట్టలను చీల్చి, మరల వడకి, కంబళ్ళు నేయుచున్నారు, మంచి పనియే. కాని గుడ్డను పీచుగా చీల్చినప్పుడు పోగు పొట్టిదగును, బలము తగ్గును. పత్తియు పాలిస్టరును కలిసిన గుడ్డనైతే విడదీయుటయే దుర్ఘటము. లోకమున దుస్తులకు వాడు సరకులో మరల క్రొత్త దుస్తులుగా మారునది ఒక్క శాతమునకు లోపేనని ఎలెన్ మకార్థర్ ఫౌండేషన్ 2017లో తేల్చెను. సూది గుడ్డను గుడ్డగానే నిలుపును. నేతగాని శ్రమ అందు వృథా పోదు. గాంధీజీ యంత్రములను గూర్చి ఎంత కఠినముగా మాటాడినను, 1924లో కుట్టుమిషనుకు మాత్రము మినహాయింపు ఇచ్చెను.

కాని పాతబట్ట పక్షమువారు చెప్పు మాటలన్నియు నాకు నచ్చవు. ఒక చొక్కా మానినచో వేల లీటర్ల నీరు మిగులునని వారు వల్లించు లెక్క ప్రపంచపు సగటు. మన నల్లరేగడిలో పత్తి చాలవరకు వానమీద పండునది. ఇచ్చటి పత్తి కష్టము నీటి లెక్కలో కంటె అప్పులలోను పురుగుమందులలోను కలదు. ఇక, అందరును పాతబట్టయే కుట్టుకొన్నచో నేతగాని గతియేమి యను ప్రశ్న తేలికది కాదు. 2017 మొదలుకొని బతుకమ్మ చీరల పేర సిరిసిల్ల మరమగ్గములకు ప్రభుత్వము పని కల్పించెను. ఆ చీరలు పాలిస్టరువి. అవి మన వేసవిలో ఒంటికి హితవు కావు. బొంతకు పైపొరగనో, సంచులుగనో, పరదాలుగనో కుట్టినచో మాత్రము ఏండ్ల తరబడి చెడవు. గుడ్డ నెరిగిన కొనుగోలుదారు ఏటేట పది చవుక చీరలకు బదులు ఒక మంచి నేతచీరను కొనునని, అది నేతగానికి నష్టము కాదని నా నమ్మకము. నమ్మకమే గాని దీనికి నా కడ రుజువు లేదు.

అన్నిటికంటె బలమైన ఆక్షేపణ స్త్రీలది. పొలము పని, వంట పని, పిల్లల పని ముగిసిన తరువాత ఇంటిల్లిపాదికి బట్టలు కుట్టుట కూడ ఆమె నెత్తిన పెట్టు ఆదర్శమును ఆమె కాలదన్నుటయే న్యాయము. మేర కులమువారిలో మిషను తొక్కుటలో మగవారిదే పేరు గదా. ఇంట మగవాడు సూది పట్టినచో వచ్చు లోటేమి? బడిలో ఎనిమిదవ తరగతి బాలురకును బాలికలకును బొత్తాము కుట్టుట, చిరుగు రఫు చేయుట, ప్యాంటు అంచు విప్పి దించుట నేర్పినచో చాలును.

ఊరి దర్జీల మాటయు వినవలెను. పాతబట్ట తెచ్చినచో వారు మొగము చిట్లింతురు. అది గర్వము వలన కాదు. ఒక పాత ప్యాంటును కుట్టు విప్పి, దారపు తుంపులు ఏరి, ఇస్త్రీ చేసి, గుడ్డను చదునుచేయుటకు పట్టు వేళలో వారు ఒక క్రొత్త జాకెట్టును కుట్టగలరు. విప్పినందుకు కూలి ఇచ్చువారు లేరు. మహిళాసంఘములకు ఉచితముగా నడపు కుట్టుశిక్షణలలోను సాధారణముగా క్రొత్త తాను మీదనే కత్తెర పట్టింతురు. విప్పుట, తిప్పి కోయుట, గొంతు తగ్గించుట, ఇరుకైనదానికి పక్కల పట్టీ వేయుట పాఠములో చేరవు. 2023 మే నెలలో కేంద్ర ప్రభుత్వము పిలుపునీయగా పురపాలక సంఘములు పాతవస్తువుల సేకరణకు ఆర్ఆర్ఆర్ కేంద్రములను తెరచినవి. అట్టి కేంద్రమున నాలుగు కుట్టుమిషన్లు వేసి, శిక్షణ పొందు పడుచులచేత వచ్చిన బట్టలను విప్పించి, రకముల వారీగా చదునైన గుడ్డముక్కలుగా కట్టలు కట్టించి, పత్తికి ఒక ధర, కలగలుపునకు ఒక ధర నిర్ణయించి అమ్మినచో, విప్పుడు కూలి ఆ ధరలోనే వచ్చును. దర్జీకి క్రొత్త తానువలె పరచి కోయదగిన గుడ్డ దొరకును. కొనువారికి అది ఎవరి బట్టయో తెలియదు. భైంసా పురపాలక సంఘము దీనిని పత్తి సీజను ముగిసి యార్డు ఖాళీయగు ఎండకాలమునందు ప్రారంభించినచో, స్థలమునకు కూడ వెదకుకొన నక్కరలేదు.