గోరు పరీక్ష

పిల్లలూ! ఉప్పల్, నాచారం పారిశ్రామికవాడల వైపు వెళ్ళినప్పుడు, ఏ మోటారు షెడ్డులోనైనా మరమ్మతు చేసిన కారు ఇంజనును మళ్ళీ విప్పి ఉంటే, మేస్త్రీని అడిగి సిలిండరులోకి తొంగిచూడండి. గోడంతా చాప అల్లికలాగా సన్నని గీతలు! అవి దెబ్బలు కావు సుమా. నూనె నిలవటానికని సానబట్టి పెట్టినవే. నిలువు గీత కనిపిస్తేనే అనుమానించాలి. మరమ్మతులో లోపల మిగిలిపోయిన ఇసుకరేణువు ఒక్కటి చాలు, అలా గీసెయ్యటానికి.

మేస్త్రీ దానికి అడ్డంగా గోరు పోనిచ్చి చూస్తాడు. జారిపోయిందా, సాధారణంగా భయం లేదు. తట్టుకున్నదా, ఆ గీత వెంట నూనె పైకి పోయి మండుతుంది, నీలిపొగ వస్తుంది. అప్పుడు గోడ ఎంత అరిగిందో బోరు గేజితో మిల్లీమీటరులో నూరోవంతు వరకూ కొలిచి, సిలిండరును తొలిచి, పెద్ద పిస్టన్ వేయవలసిందే. ఖర్చు తడిసి మోపెడు! అందుకే మేస్త్రీ గోరు పోనిస్తున్నంతసేపూ కారు డ్రైవరు ఊపిరి బిగబట్టి నిలబడతాడు.