చెరకు లారీకి వింటేజ్ గుర్తింపు ఇవ్వరా?

2021 జులైలో కేంద్రం పాత వాహనాల కోసం ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటి, చాసిస్, బాడీ, ఇంజిన్ పెద్దగా మార్చని బండికి వింటేజ్ గుర్తింపు ఇస్తారు. ఫీజు 20 వేల రూపాయలు, గడువు పదేళ్లు, నంబరులో ‘వీఏ’ అక్షరాలు. రోజువారీగా తిప్పకూడదు, కిరాయికి వాడకూడదు. ప్రదర్శనలకు, ర్యాలీలకు నడుపుకోవచ్చు. మంచి నిబంధనే. కాకపోతే అది టూ వీలర్లకూ, సొంతానికి వాడుకునే కార్లకూ మాత్రమే. లారీకి అందులో చోటు లేదు. బాపు చెరకు తోలిన లారీని బోధన్‌లో మా ఇంటి వెనక ఆదివారాలు బాగుచేసుకుంటున్న నాకు ఇది అన్యాయమనిపిస్తోంది.

మాది ముందు జాలీ మీద మూడు మొనల నక్షత్రం ఉన్న టాటా మెర్సిడెస్ బెంజ్. 1954లో టాటా వారి టెల్కో జర్మనీ డైమ్లర్ బెంజ్‌తో ఒప్పందం చేసుకుని జంషెడ్‌పూర్‌లో ఈ లారీలు తయారుచేసింది. 1969లో ఒప్పందం ముగిశాక నక్షత్రం పోయి టాటా వారి ‘టీ’ వచ్చింది. అంటే నక్షత్రంతో పుట్టిన ప్రతి లారీకీ 50 ఏళ్లు ఎప్పుడో నిండాయి.

చెరకు నరికిన గంట నుంచే ఎండుతుంది, బరువు తగ్గుతుంది, లోపల చక్కెర కూడా పాడవుతుంది. ఆలస్యమైతే కాటా మీద రైతుకు, గానుగలో ఫ్యాక్టరీకి నష్టం. అందుకే సీజన్లో లారీ ఆగిందంటే మా ఇంట్లో ఎవరికీ నిద్ర ఉండేది కాదు. శక్కర్‌నగర్‌లోని చక్కెర ఫ్యాక్టరీ గేటు ముందు ఎడ్లబండ్లు, ట్రాక్టర్లు, లారీలు బారులు తీరి ఉన్న రాత్రుల్లో బాపు లారీ కిందే పడుకునేవాడు. 1937లో ఏర్పడిన ఈ నిజాం షుగర్ ఫ్యాక్టరీకి ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదన్న పేరు. ఆ పేరులో ఈ బండ్లకూ వాటా ఉంది.

లారీ బాగుచేసే పని మెల్లగా సాగుతోంది. తుప్పుపట్టిన బోల్టులకు రాత్రి డీజిల్ పోసి పెడితే పొద్దున కొన్ని కదులుతాయి. మొండికేసిన వాటిని గ్యాస్‌తో ఎర్రగా కాల్చాల్సిందే. కమాన్ పట్టీలు విప్పి, విరిగినవి తీసి కొత్తవి వేయించాను. బ్రేకు సిలిండర్ల రబ్బర్లు నిజామాబాద్‌లో దొరికాయి. వాటర్ పంపు షాఫ్టు మాత్రం ఎక్కడా లేదు. పాతదాన్ని కొలిచి లేత్ మీద కొత్తది తీసిన పెద్దాయన ఫ్యాక్టరీ వర్క్‌షాపులో పని నేర్చిన మనిషి. 2015 డిసెంబరులో లే ఆఫ్ ప్రకటించి ఫ్యాక్టరీ మూసేశాక ఆ తరం పనితనం అడిగేవాళ్లు తగ్గిపోయారు. మా అబ్బాయి ఆయన పక్కన నిలబడి మైక్రోమీటర్ చదవడం నేర్చుకున్నాడు. లారీ బాగుపడటం కన్నా నాకు అదే ఎక్కువ.

ఇంజిన్ అసలుదే ఉంచాను. అందులో డీజిల్ ముందు చిన్న గదిలో అంటుకుని, ఆ మంట సిలిండర్లోకి వస్తుంది. చలిలో స్టార్ట్ కావాలంటే ముందు హీటర్ ప్లగ్గులు వేడెక్కాలి. “హీటర్ ఎర్రగ గాకముందే సెల్ఫ్ కొట్టకు బిడ్డా, బ్యాటరీ దిగుతది” అని బాపు దగ్గర పనిచేసిన డ్రైవర్ కాక ఇప్పటికీ వచ్చి చెబుతాడు.

పాత లారీ పొగ కక్కుతుంది, బ్రేకులు నమ్మలేం అనేవాళ్లున్నారు. నిజమే. అందుకే సరుకు వేయకూడదు, రోజూ తిప్పకూడదు అన్న షరతు లారీకీ పెట్టండి. బ్రేకులకు, స్టీరింగ్‌కు అదనపు పరీక్ష పెట్టినా సంతోషమే. బ్రిటన్‌లో 40 ఏళ్లు దాటిన లారీని వ్యాపారానికి వాడకపోతే చారిత్రక వాహనంగా లెక్కించి రోడ్డు పన్ను తీసేస్తారు. ఇక్కడ హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌లో నిజాం గారి 1912 నాటి పసుపుపచ్చ రోల్స్ రాయిస్‌ను భద్రంగా దాచారు. దాచాల్సిందే. ఆ నిజాం పేరు పెట్టుకున్న ఫ్యాక్టరీకి చెరకు మోసిన బండ్లు మాత్రం కిలోల లెక్కన తుక్కుకు పోతున్నాయి.

కేంద్ర రవాణా శాఖ ఆ వింటేజ్ నిబంధనను సరుకు లారీలకూ ట్రాక్టర్లకూ వర్తింపజేయాలి. శక్కర్‌నగర్‌లో ఒక షెడ్డును రాష్ట్ర ప్రభుత్వం వీటికి కేటాయించాలి. ఫ్యాక్టరీ మళ్లీ తెరిచినా ఆ షెడ్డు అక్కరకొస్తుంది. ఎడపల్లిలోనో రెంజల్‌లోనో మీ కొట్టం పక్కన నక్షత్రం లారీ ఇంకా ఉంటే, తుక్కు వ్యాపారిని పిలవకండి. ముందు ఆర్‌సీ పుస్తకం వెతికి దాచిపెట్టండి. నిబంధన మారిన రోజున మొదటి రిజిస్ట్రేషన్ తేదీకి సాక్ష్యంగా అదే కావాలి.