ముందురోజు సాయంత్రం చెప్పండి

విశాఖలో ఆపరేషన్ థియేటర్ పక్కనుండే రికవరీ గదిలో 22 ఏళ్లు నర్సుగా పనిచేసి ఈ మధ్యనే రిటైరయ్యాను. క్యాన్సర్ ఆపరేషన్ అయినవాళ్లు మత్తు దిగుతూ ఎక్కువగా అడిగేది ‘తీసేశారా సిస్టర్?’ అని. కొందరు అడగరు. చెయ్యి తిన్నగా గుండెల మీదికి పోతుంది, కట్టు కింద రొమ్ము ఉందో లేదో తడుముకుంటారు.

ఫలితం చెప్పే అధికారం నాకు లేదు. ‘డాక్టరుగారొచ్చి చెబుతారమ్మా’ అనేదాన్ని. ఆ మాటతో మానిటర్‌లో గుండె వేగం 90 నుంచి 120కి ఎక్కడం చూశాను. తలుపు అవతలున్న కొడుక్కీ అల్లుడికీ అప్పటికే అంతా తెలుసు. చంకలోని గ్రంథిని ఆపరేషన్ మధ్యలోనే పరీక్షకు పంపామని, అది చూసి కోత పెంచామని సర్జన్ వాళ్లకు చెప్పి వెళ్లారు. తెలియనిది కోత పడ్డ మనిషికే.

మత్తు దిగేటప్పుడు గాభరాపడటం, పెనుగులాడటం ఎవరికైనా రావచ్చు. ముందుగా ఆక్సిజన్ తగ్గిందా, నొప్పి మందు చాల్లేదా అని చూడాలి. మూత్రపు గొట్టం ఉందని తెలియక బాత్రూమ్‌కని మంచం దిగబోయేవాళ్లు ఎందరో. రొమ్ము, కడుపు ఆపరేషన్లలో ఈ గాభరా ఎక్కువని, భయంతో లోపలికి వెళ్లినవాళ్లకు ఇంకా ఎక్కువని మత్తు డాక్టర్లకు తెలిసిందే. చాలామందికి అరగంటలో సర్దుకుంటుంది. భయం మాత్రం అంత త్వరగా దిగదు.

శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన ఒక మామ్మ గుర్తుంది. చుట్ట నిప్పు నోట్లో పెట్టుకుని కాల్చే అడ్డపొగ అలవాటు, అంగిలికి క్యాన్సర్. మెలకువ వచ్చేసరికి నోటినిండా గుడ్డ, గొంతులో గొట్టం. మాట రాలేదు. గొట్టం లాగేస్తుందని చేతులు మంచానికి కట్టేశారు. కట్టినవాళ్లలో నేనూ ఉన్నాను. తర్వాత పలక ఇచ్చాను, ఆమెకు అక్షరం రాదు. చివరికి కూతుర్ని పిలిపిస్తే తెలిసింది, నాలుక కోసేశారనుకుంటోందని! నాలుక ఉందని, ఊపిరి గొట్టంలోంచి పోతోంది కాబట్టి గొంతు పలకడం లేదని, గొట్టం తీశాక పలుకుతుందని కూతురు చెవిలో చెప్పింది. చేతుల కట్లు విప్పాం. మళ్లీ గొట్టం జోలికి పోలేదు.

ఆమెకు ఇంట్లో చెప్పిందల్లా ‘చిన్న గడ్డ తీస్తారంతే’ అని. సంతకం కొడుకుది. ముందే చెబితే జడిసి ఆపరేషన్‌కే రారంటారు ఇంటివాళ్లు. అందులో నిజం లేకపోలేదు. ఒకావిడ విని ఇంటికెళ్లిపోయింది కూడా. నాలుగో రోజు తనే వచ్చింది.

ముందురోజు సాయంత్రం పది నిమిషాలు చాలు. ఎక్కడ కోత, ఏ గొట్టం ఎందుకు, మాట రాకపోతే ఏ సైగ చెయ్యాలి, ఇవి రోగికే చెప్పాలి, కొడుక్కి కాదు. చెప్పేది రికవరీ గది నర్సే అయితే మరీ మంచిది, లేవగానే కనిపించేది ఆ మొహమే కదా. కళ్లజోడు, చెవి మిషను లేచేసరికి మంచం దగ్గరుండాలి. కూతురి హ్యాండ్‌బ్యాగులో కాదు.

కిందటి నెల మా ఆడపడుచుకు రొమ్ము ఆపరేషన్ అయింది. ముందురోజు పక్కన కూర్చుని అన్నీ చెప్పాను. పాత పరిచయం వల్ల రికవరీ గదిలోకి రానిచ్చారు. కళ్లు తెరిచి చేతి వైపు, చంక వైపు చూసుకుంది.

‘మూడు గొట్టాలన్నావు, రెండే ఉన్నాయేంటి వదినా?’

మూడోది దుప్పటి కింద ఉంది.